పై షడ్జం దాటని గొంతుతో ఏం పాడాలి?

ప్రశ్న: అమ్మా, నమస్కారం. నేను కాకినాడలో పిల్లలకు కర్ణాటక సంగీతం నేర్పుతున్నాను. నలభై దాటాయి. ఎనిమిది నెలల కిందట థైరాయిడ్‌లో గడ్డ ఉందని ఆపరేషన్ చేశారు. అది ప్రమాదకరమైన గడ్డ కాదని తేలింది. ఆరోగ్యం బాగానే ఉంది. మాట్లాడితే ఎవరికీ తేడా తెలియదు, పాడితేనే తెలుస్తుంది. ఐదున్నర శ్రుతిలో పై పంచమం దాకా సునాయాసంగా వెళ్లేదాన్ని. ఇప్పుడు పై షడ్జం వరకు ఎలాగో నెట్టుకువస్తున్నాను, ఆ పైన గొంతు ఉత్త గాలి అయిపోతోంది. డాక్టరుగారితో చెబితే "మాట బాగానే వస్తోంది కదమ్మా" అన్నారు. పిల్లలకు హెచ్చుస్థాయి వరుసలు చెప్పవలసిన రోజు వస్తే ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకుంటున్నాను. మా వీధిలో అమ్మవారి గుడిలో ఏటా దసరాకు పాడతాను. ఈసారి ఏం చెప్పాలో తెలియక వాళ్ల ఫోను ఎత్తడం లేదు. ఇంట్లోవాళ్లు, తోటి టీచర్లు అందరిదీ ఒకటే మాట: "అంతా మన మంచికే, అడ్డంకులే కళాకారులను గొప్పవాళ్లను చేస్తాయి" అని. అది వింటే ఒళ్లు మండుతోంది. నిజంగా అడ్డంకుల వల్ల కళ పెరుగుతుందా, లేక ఓదార్చడానికి చెప్పే మాటేనా? పై స్థాయి పాడి చూపించలేని నేను పిల్లల దగ్గర ఫీజు తీసుకోవడం న్యాయమేనా? వాళ్లను వేరే గురువు దగ్గరికి పంపేయాలా? నా పేరు వేయవద్దు.

సమాధానం:

మీ ఒళ్లు మండటం సహజం. ఇన్నేళ్లు సాధన చేసి సంపాదించుకున్నది చేతిలోంచి జారిపోతే, పోయినదాని ఊసెత్తకుండా రాబోయే మంచి గురించి చెప్పడం పుండు మీద కారం చల్లడమే. పై స్థాయి పోయినందుకు మీరు బాధపడవచ్చు. ఎంతకాలం బాధపడతారన్నది కూడా మీ ఇష్టమే.

అడ్డంకుల గురించి మీవాళ్లన్న మాట నాకూ నచ్చదు. వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామినాయుడు గారి ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఇలాంటిదే ఒకటి వినిపిస్తుంది. ఆయనకు చూపు బాగా తక్కువ. కళ్లు మూసుకుని వాయించేవారు. చూపు తగ్గింది కాబట్టే చెవి అంత పదునెక్కిందని తేలిగ్గా తేల్చేస్తారు. మరి అన్నగారు చిన్నప్పుడే వయొలిన్ చేతికిచ్చి నేర్పిన పాఠాలు ఏమయ్యాయి? 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టినప్పుడు, ఆదిభట్ల నారాయణదాసు గారు ప్రిన్సిపాల్‌గా ఉన్న ఆ సంస్థ ఇరవై ఆరేళ్ల యువకుణ్ణి వయొలిన్ ఆచార్యుడిగా తీసుకుంది. 1936లో ఆయన అదే కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యారు. ఆ నమ్మకం, ఆ జీతం, ఆ తీరిక ఏమయ్యాయి? చూపు తక్కువైనవాళ్లు ఆ రోజుల్లో ఊరూరా ఉన్నారు. వాళ్లందరికీ వయొలిన్ నేర్పే అన్న లేడు, పిలిచి ఉద్యోగమిచ్చే కళాశాల లేదు. ఘనతంతా అడ్డంకికే కట్టబెడితే ఆ మనిషి శ్రమనూ, పక్కన నిలబడ్డవాళ్లనూ లెక్కలోంచి తీసేసినట్టు అవుతుంది.

అయినా పరిమితికి పనిని మలిచే శక్తి ఉందన్నది మాత్రం నిజం. నేను వీణ వాయించేదాన్ని. మీటిన తీగ నాదం క్షణాల్లో సన్నగిల్లిపోతుంది. గొంతులాగా, వయొలిన్‌లాగా నిలవదు. అందుకే ఒక మీటులోనే తీగను మెట్టు మీద లాగి రెండు మూడు స్వరాలు పలికించడం నేర్చుకుంటాం. మన గమకాలకు (స్వరాన్ని ఊపి, వంచి పలికించే తీరుకు) వీణ ఇచ్చిన ఆ ఒంపు ఈ నాదం నిలవకపోవడం నుంచే పుట్టిందని నాకనిపిస్తుంది. అయితే పరిమితి ఇలా పనికి రావాలంటే ఒకటి కావాలి. హద్దు ఎక్కడుందో మనకు కచ్చితంగా తెలియాలి.

అవధానంలో నిషిద్ధాక్షరి మీరు చూసే ఉంటారు. అవధాని "శ్రీ" అన్నారనుకోండి. పక్కనున్న పృచ్ఛకుడు వెంటనే "ర వద్దు" అంటాడు. శ్రీరామ, శ్రీరమణ, శ్రీరంగ, అన్ని దారులూ ఒక్క దెబ్బతో మూసుకుపోతాయి. అవధాని గణం చూసుకుని, యతి చూసుకుని, ఇంకో అక్షరం అందుకుంటారు. దాని తరువాత మళ్లీ నిషేధం, మళ్లీ మలుపు. పాదం పూర్తయ్యేసరికి అందులో ఎవరూ ఊహించని మాట ఒకటి వచ్చి కూర్చుంటుంది. అడ్డు చెప్పకపోతే ఆ మాట అవధానికి తట్టేదే కాదు. అదే పృచ్ఛకుడు "కొన్ని అక్షరాలు వాడకూడదు" అని మాత్రం చెప్పి, అవేమిటో చెప్పకుండా కూర్చుంటే? ఎంతటి అవధాని అయినా నోరు విప్పలేరు. ప్రతి అక్షరమూ తప్పేమోనన్న అనుమానంతో పద్యం ఆగిపోతుంది.

మీ ఉత్తరం చదివితే మీరు ఇప్పుడు ఆ రెండో స్థితిలో ఉన్నారనిపించింది. పోయింది పై షడ్జానికి పైన ఉన్న భాగం. మీరు మానేసింది మొత్తం పాటను. కింద ఉన్న స్థాయిన్నర గొంతు ఇంకా పలుకుతోందని మీ ఉత్తరం చదివితే తెలుస్తోంది, అయినా గుడిలో పాటకు దాన్ని కూడా వాడటం లేదు.

ఇంకో తేడా కూడా ఉంది, దాన్ని దాటవేయను. హరికేశనల్లూర్ ముత్తయ్య భాగవతార్ గారు నిరోష్ఠ అనే రాగం కల్పించి అందులో "రాజరాజ రాధితే" అనే కృతి రాశారు. సాహిత్యంలో పెదవులు కలిసే అక్షరాలు ఉండవు. స్వరం పాడినా పెదవులు కలవకూడదని రాగంలోంచే మధ్యమ పంచమాలను తీసేశారు. స, రి, గ, ద, ని మాత్రమే మిగిలాయి. పాడి చూడండి, ఎంత వెలుగున్న రాగమో తెలుస్తుంది. మన బాలమురళీకృష్ణ గారు ఇంకా ముందుకెళ్లి మహతి, లవంగి లాంటి రాగాలను నాలుగు స్వరాలతో కట్టారు, సర్వశ్రీని మూడింటితో కట్టారు. కానీ వాళ్లు ఆ హద్దు తమంతట తాము గీసుకున్నారు. కృతి పూర్తయ్యాక మళ్లీ ఏడు స్వరాల్లోకీ వెళ్లిపోగలరు. మీకు ఆ వెసులుబాటు లేదు. కాబట్టి వాళ్ల ఉదాహరణ చూపించి మిమ్మల్ని సంతోషించమని చెప్పను. కానీ హద్దు తెలిశాక లోపల పని ఎలా చేయాలన్నది వాళ్ల దగ్గర నేర్చుకోవచ్చు. హద్దును ఎవరు గీసినా ఆ పని ఒక్కటే.

అందుకని మొదట హద్దును కొలిపించుకోండి. "మాట బాగానే వస్తోంది" అన్న డాక్టరుగారు తన వైపు నుంచి నిజమే చెప్పారు. కానీ థైరాయిడ్ గ్రంథి పైకొసకు ఆనుకుని ఒక సన్నని నరం వెళ్తుంది. అది స్వరపేటిక ముందుభాగంలో ఉండే చిన్న కండరాన్ని నడిపిస్తుంది. ఆ కండరం బిగిసినప్పుడు స్వరతంత్రులు సాగుతాయి, అప్పుడే స్థాయి పెరుగుతుంది. గడ్డ తీసేటప్పుడు ఆ నరం కాస్త దెబ్బతిన్నా మామూలు మాటలో పెద్దగా తెలియదు. పై స్థాయి పాడేవాళ్లకే తెలుస్తుంది. మీరు చెప్పిన లక్షణాలు దానికి దగ్గరగా ఉన్నాయి, అయితే నేను డాక్టరును కాను, నిర్ధారించవలసింది వాళ్లే. గొంతు సమస్యలు ప్రత్యేకంగా చూసే చెవి ముక్కు గొంతు నిపుణుడి దగ్గరికి వెళ్లండి. స్వరతంత్రుల కదలికను చూసే స్ట్రోబోస్కోపీ పరీక్ష చేయమని అడగండి. మాట్లాడుతూ ఊరుకోకుండా అక్కడ కింది నుంచి పైకి స్వరాలు పాడి చూపించండి, ఎందుకంటే తేడా బయటపడేది ఆ పాటలోనే. "నేను పాటతో బతికే మనిషిని" అని మొదటి వాక్యంలోనే చెప్పండి. స్పీచ్ థెరపిస్టులలో గొంతుకు శిక్షణ ఇచ్చేవాళ్లు ఉంటారు, వాళ్ల దగ్గరికి పంపమనండి. నరం దెబ్బ కొందరిలో నెలల మీద కొంతైనా కోలుకుంటుంది, కొందరిలో కోలుకోదు. ఏది మీ సంగతో తెలియకుండా ఇంట్లో కూర్చుని పై రిషభం కోసం గొంతు చించుకోవడం మాత్రం వెంటనే ఆపండి. బలవంతం చేస్తే మెడ కండరాలు బిగుసుకుంటాయి, బాగున్న కింది స్థాయి కూడా పాడవుతుంది.

రెండో కొలత మీరే తీసుకోవచ్చు. తంబురా పెట్టుకుని, పొద్దున్నే కాకుండా గొంతు తెరుచుకున్న వేళ, ఎక్కడిదాకా నాదం నిండుగా ఉందో, ఎక్కడ పలచబడుతోందో, ఎక్కడ గాలి అవుతోందో చూసి రాసుకోండి. మీరు చెప్పినదాన్ని బట్టి ఐదున్నరలో పై షడ్జం మీ చివరి మెట్టు. శ్రుతి అంకె తగ్గినకొద్దీ మన షడ్జం కిందికి దిగుతుంది. అదే ఎత్తు నాలుగు శ్రుతిలో పై సాధారణ గాంధారం అవుతుంది. మూడుకు దిగితే అంతర గాంధారమే అందుతుంది, కానీ కింద మంద్ర పంచమం చాలామంది ఆడవాళ్ల గొంతుకు బరువవుతుంది. అందుకని నాలుగు దగ్గర నిలిచి చూడండి. హిందోళంలో పై గాంధారం అక్కడ దొరుకుతుంది. మధ్యమావతిలో పై రిషభం హాయిగా పలుకుతుంది. మోహనలో పై గాంధారం మాత్రం అరస్వరం ఎడంగా ఉండిపోతుంది. అలాంటప్పుడు మోహన పాడేటప్పుడు ఆలాపనను మంద్ర ధైవతం నుంచి మధ్య ధైవతం వరకే కట్టుకోండి. రోజూ కాసేపు అలా పాడితే ఆ కాస్త చోటులో ఇన్ని సంచారాలు (రాగం తిరిగే స్వరాల నడకలు) ఉన్నాయా అని ఆశ్చర్యం వేస్తుంది. పైకి ఎగబాకడానికి దారి ఉన్నన్నాళ్లూ మనం గాంధార పంచమాల మధ్య ఎక్కువసేపు నిలవం.

శ్రుతి తగ్గించడాన్ని మీ తోటి టీచర్లు ఓటమిగా చూస్తారేమోనని భయం ఉండవచ్చు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుందని నవ్వుకుంటారేమోనని కూడా అనిపించవచ్చు. ఎం.డి.రామనాథన్ గారి గొంతు విన్నారా? కేరళలో పాలక్కాడ్ ప్రాంతంలో 1923లో పుట్టి, కళాక్షేత్రలో టైగర్ వరదాచారి గారి దగ్గర నేర్చుకున్నారు. ఆ గొంతు చాలా కిందికి దిగిన గొంతు. వేగంగా బిరకాలు (చురుకైన స్వరాల మెలికలు) విసిరే ఆ రోజుల కచేరీ పద్ధతికి అది బొత్తిగా ఒదగనిది. ఆయన ఆ పోటీలోకి వెళ్లలేదు. కాలాన్ని నెమ్మది చేశారు. ఒక్కో మాటను నిలిపి, అక్షరం అక్షరం మధ్య విరామం ఇచ్చి పాడారు. ఆయన "సామజవరగమన" పాడితే హిందోళం మనముందు తాపీగా విప్పుకుంటూ వస్తుంది. సహానాలో "గిరిపై" వింటే ఆ తెలుగు మాటలు ఆయనకు తెలుగువారికన్నా బాగా తెలిసినట్టే ఉంటాయి. ఇదేం పాట అని పెదవి విరిచినవాళ్లు ఆయన ఉన్నన్నాళ్లూ ఉన్నారు. అయినా 1984లో ఆయన పోయిన తరువాత కూడా ఆ రికార్డింగులను వెతుక్కుని వినే శ్రోతలు తరం మారినా తగ్గలేదు.  మీరు ఆయనను అనుకరించనక్కరలేదు. ఆయన గొంతు అడిగిన వేగం ఆయన పాడారు, మీ గొంతు ఏ వేగం అడుగుతోందో వినండి.

ఇప్పుడు అసలు సంగతి. మీకోసమే కట్టినట్టుండే రాగాలు మన సంగీతంలో ఇదివరకే ఉన్నాయి. పిల్లలకు లక్షణాలు చెప్పేటప్పుడు నిషాదాంత్య, ధైవతాంత్య, పంచమాంత్య రాగాలని, అంటే నిషాదం, ధైవతం, పంచమం దాటి పైకి వెళ్లని రాగాలని మీరు చెప్పే ఉంటారు. నాదనామక్రియ, పున్నాగవరాళి నిషాదాంత్య రాగాలు. కురంజి ధైవతాంత్యం. నవరోజు పంచమాంత్యం, మంద్ర పంచమం నుంచి మధ్య పంచమం దాకానే దాని ప్రపంచం. వీటిలో ఏదీ పై షడ్జం ముట్టదు. కురంజి ధైవతం దగ్గర వెనక్కి తిరుగుతుంది, నాదనామక్రియ, పున్నాగవరాళి నిషాదం దగ్గర తిరుగుతాయి. ఒక స్థాయి నిండకుండానే రాగం నిండిపోతుంది. ఎవరికో గొంతు దెబ్బతిన్నందుకు పుట్టినవి కావు ఇవి. లాలిపాటల్లో, ఊయల పాటల్లో, భజనల్లో, ఇళ్లలో ఆడవాళ్లు పాడుకునే పాటల్లో బతికిన రాగాలు. పాడేవాళ్లందరికీ కచేరీ గొంతు ఉండదని ఆ పాటలు కట్టినవాళ్లకు తెలుసు.

కచేరీల్లో వీటిని మధ్యమ శ్రుతిలో పాడటం మామూలు. పైకి వెళ్లే పని లేదు కాబట్టి మధ్యమాన్నే షడ్జంగా తీసుకుని పాటను కాస్త ఎత్తుకు తెస్తారు. మీరు ఎత్తకపోతే సరి. మీ పాత ఐదున్నరలోనే, షడ్జాన్ని షడ్జంగానే ఉంచి కురంజి పాడి చూడండి. దాని చివరి మెట్టైన ధైవతం మీ హద్దుకు మూడు అరస్వరాలు కిందే ఉంటుంది. నాదనామక్రియలో చివరి మెట్టైన కాకలి నిషాదం మాత్రం హద్దుకు అరస్వరం దూరం, గొంతు అలసిన రోజున దాన్ని వదిలేయండి. ఇక నాలుగు శ్రుతికే స్థిరపడితే, నవరోజును అక్కడ మధ్యమానికి ఎత్తి పాడుకోండి, లేకపోతే కింద పంచమం అందదు. ఈ లెక్కలు మీకు నాకన్నా బాగా తెలుసు. అయినా ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే బాధలో ఉన్నప్పుడు చేతిలో ఉన్న విద్య కూడా గుర్తుకు రాదు.

పాటలకు కొదవ లేదు. కురంజిలో "ముద్దుగారే యశోద", "శివదీక్షాపరురాలను". నాదనామక్రియలో రామదాసు "ఏ తీరుగ నను దయ చూచెదవో". నవరోజులో "జో అచ్యుతానంద". అమ్మవారి గుడికైతే శ్యామశాస్త్రి గారి పున్నాగవరాళి "కనకశైల విహారిణి" కన్నా ఏం కావాలి? వీటిని కచేరీ చివర్లో, జనం చెప్పులు వెతుక్కునే వేళ తుక్కడాలుగా (చిన్న ముగింపు పాటలుగా) పాడేసి వదిలేస్తాం. ఎప్పుడూ చివరి పది నిమిషాలు దొరికే ఈ రాగాలకు మధ్యలో చోటిచ్చి, తీరికగా పాడినవాళ్లు ఎంతమంది ఉన్నారు? మీరు పాడితే అది సర్దుబాటు అనిపించుకోదు. చాలామంది శ్రోతలు ఎన్నడూ వినని కచేరీ అవుతుంది. నాకైతే అలాంటిది వినాలని ఎంతో ఆశ.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఈ రాగాలన్నీ దాదాపు ఒకే రకం నిదానంలో, ఒకే రకం ఆర్తిలో నడుస్తాయి. నాలుగు వరసగా పాడితే వినేవాళ్లకు మగతగా ఉంటుంది. మధ్యలో నాలుగు శ్రుతిలో హిందోళమో మధ్యమావతో, చురుకైన నడకలో ఒకటి పెట్టండి. తాళాలు మార్చండి. పక్కన వయొలిన్ వాయించేవారితో ముందే మాట్లాడుకుని, పై స్థాయి సంచారాలను వయొలిన్‌కు వదిలేయండి. మీరు మధ్య పంచమం దగ్గర ఆపితే వయొలిన్ పై షడ్జం దాకా వెళ్లి తిరిగి మీ దగ్గరికి వస్తుంది. చేతకాక ఆపినట్టు ఎవరికీ అనిపించదు. కచేరీ నిడివి కూడా తగ్గించుకోండి. గ్రామఫోను రోజుల్లో రికార్డు ఒక్కో వైపు మూడు నాలుగు నిమిషాలే పట్టేది. గంటల తరబడి ఆలాపన చేసే విద్వాంసులు మొదటి రెండు మూడు సంచారాల్లోనే రాగం ముఖం కనపడేలా కుదించి పాడటం అప్పుడే నేర్చుకున్నారు. ఆ రికార్డులు ఇవాళ వింటే ఎక్కడా వెలితి కనిపించదు.

ఇక పిల్లల సంగతి. పంపేయవద్దు. కానీ సాకులు చెప్పడం ఆపండి. హెచ్చుస్థాయి వరుసల దగ్గర పాఠం దాటవేస్తే నష్టపోయేది పిల్లలు, మీ గొంతుకు ఒరిగేదేమీ లేదు. తల్లిదండ్రులను పిలిచి జరిగింది చెప్పండి. ఆపరేషన్ అయింది, పై స్థాయి ఇప్పుడు రావడం లేదు, చికిత్స తీసుకుంటున్నాను, పాఠం ఇలా నడుపుతాను అని నాలుగు మాటలు చాలు. పై వరుసలకు శ్రుతి తప్పని పెద్ద విద్యార్థిని ఒకరిని ముందు కూర్చోబెట్టి పాడించండి. లేదా వయొలిన్, కీబోర్డు, ఏది అందుబాటులో ఉంటే అది వాడండి. మీరు వింటూ ఎక్కడ శ్రుతి జారిందో, ఎక్కడ దవడ బిగిసిందో చెప్పండి. ఇన్నేళ్లు మీరు పాడి చూపించారు కాబట్టి పిల్లలు మీ గొంతును అనుకరించి ఉంటారు. ఇప్పుడు తంబురాను విని స్వరాన్ని తామే వెతుక్కోవలసి వస్తుంది. అది వాళ్ల చెవికి మంచిది. ఇలా చెప్పేటప్పుడు మీ నష్టాన్ని మంచిగా మార్చి చూపుతున్నానని అనుకోకండి. మీరు పాడి చూపగలిగితే ఇంకా బాగుండేది. అది వీలుపడనప్పుడు పాఠం ఆగకుండా ఎలా నడపాలన్నదే ఇక్కడ ప్రశ్న.

టైగర్ వరదాచారి గారి గొంతు బిరుసుగా ఉండేదంటారు. ఆ గొంతుతోనే ఆయన రామనాథన్ గారిని తయారుచేశారు. గురువు గొంతు గురువు విద్యలో ఒక భాగం మాత్రమే. సాహిత్యం ఎక్కడ విరవాలో, గమకం ఎంత ఊగాలో, తాళం ఎక్కడ జారుతుందో, పిల్ల ఎప్పుడు అలిసిందో మీకు తెలుసు. ఫీజు వాటికి కూడా. ఒక్క మినహాయింపు చెబుతాను. మీ దగ్గర కచేరీ స్థాయికి వచ్చిన విద్యార్థి ఎవరైనా ఉండి, పై స్థాయిలో విస్తారంగా ఆలాపన నేర్చుకోవలసిన దశలో ఉంటే, ఆ ఒక్క అంశానికి మీరు నమ్మే మరో గురువు దగ్గరికి వారానికి ఒకసారి పంపండి. మీరే ఫోను చేసి, మీరే పరిచయం చేసి పంపండి. దాన్ని ఆ పిల్ల మీ చేతకానితనంగా చూడదు. తన పాట కోసం టీచరుగారు మరొకరిని అడిగి పెట్టారని గుర్తుంచుకుంటుంది.

"అంతా మన మంచికే" అనేవాళ్లకు జవాబు చెప్పే బాధ్యత మీ మీద లేదు. వాళ్లతో వాదించే ఓపికను శ్రుతి వెతుక్కోవడానికి వాడుకోండి. ఇంట్లోవాళ్లలో దగ్గరివాళ్లకు మాత్రం ఒక పని అప్పగించండి. నిపుణుడి దగ్గరికి వెళ్లేటప్పుడు తోడు రమ్మనండి, స్వరాలు పాడి చూపేటప్పుడు ఆ గదిలో ఉండమనండి. ఏం పోయిందో దగ్గర నుంచి వింటే ఆ ఓదార్పు మాట వాళ్ల నోటి నుంచి మళ్లీ అంత తేలిగ్గా రాదు.

గుడివాళ్ల ఫోను రేపే ఎత్తండి. ఈసారి గంటన్నర పాడలేను, నలభై నిమిషాలు ఇవ్వండి, వయొలిన్, మృదంగం కావాలి అని చెప్పండి. మైకు దగ్గరగా పెట్టమనండి, గొంతు పెంచవలసిన అవసరం ఉండదు. మొదట మధ్యమావతిలో చిన్న కృతి ఒకటి, తరువాత కురంజి, ఆ తరువాత కొంచెం చురుకైన హిందోళం, అప్పుడు పున్నాగవరాళిని తీరికగా, ఆలాపనతో సహా. "కనకశైల విహారిణి"ని ప్రధాన కృతిగా పెట్టుకోండి, చివరికి నెట్టవద్దు. మీ విద్యార్థినుల్లో పెద్దదాన్ని వెనక కూర్చోబెట్టుకుని, పల్లవి మళ్లీ వచ్చినప్పుడల్లా తోడు పాడించుకోండి. కార్యక్రమానికి ముందు రోజు గొంతుకు పూర్తి విశ్రాంతి ఇవ్వండి, ఆ వారం పాఠాల్లో పాడటం తగ్గించండి. డాక్టరు వద్దంటే మాత్రం ఈ ఏడు ఆగి, ఆ నలభై నిమిషాలు పిల్లల చేత పాడించి తాళం మీరు వేయండి. పరీక్షలో ఏం తేలిందో నాకు రాయండి. ఏ శ్రుతిలో స్థిరపడ్డారో కూడా రాయండి. దాన్ని బట్టి ఇంకొన్ని కృతులు వెతికి పంపుతాను.